రేవులో దొరికేదాన్ని నడిసముద్రంలో వెతుకుతున్నారు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం చేపల మీదే వచ్చాయి. సముద్రం మీద బతికేవాళ్లు రాశారు, చెరువు సొసైటీల వాళ్లు రాశారు, బజార్లో కొనుక్కుని తినేవాళ్లూ రాశారు. అందరి ఫిర్యాదూ ఒకటే: చట్టాలు ఉన్నాయి, అధికారులు ఉన్నారు, మరి అజమాయిషీ ఎక్కడ? అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాం. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఊళ్లు, జిల్లాలు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న (విశాఖపట్నం): మా ఇంట్లో రెండు తరాలుగా మరపడవ మీదే బతుకు. ఏటా రెండు నెలలు వేట ఆపుతున్నాం. ఆపితే చేప పెరుగుతుందన్నారు. జూన్‌లో మొదటి కొన్ని రోజులు బాగానే పడుతుంది, ఆ తర్వాత డీజిల్ ఖర్చు కూడా రావడం లేదు. ఈ నిషేధం వల్ల లాభం ఎవరికి?

జవాబు: నిషేధం దండగ అంటే మాత్రం నేను ఒప్పుకోను. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా, రెండు చోట్లా 61 రోజుల చొప్పున వేట ఆగుతుంది. ఆ రోజుల్లో చాలా రకాల చేపలు, రొయ్యలు గుడ్లు పెడతాయి. అన్నీ కాదు, కొన్ని ఏడాది పొడవునా పెడుతూనే ఉంటాయి, కొన్నిటి కాలం వేరు. సముద్రం అడుగుకి జరిగే మేలు కూడా ఉంది. ట్రాల్ వల అడుగు నేలను గీరుకుంటూ పోతుంది కదా, అక్కడి నత్తా గుల్లా, పురుగూ పుట్రా అంతా చెదిరిపోతుంది, వాటిని తిని బతికే చేప ఆ చోట నిలవదు. ఆ నేలకి రెండు నెలలైనా విశ్రాంతి దొరకడం చిన్న విషయం కాదు.

మీరడిగిన అసలు సంగతి జూన్ 15న మొదలవుతుంది. నిషేధంలో లెక్కలోకి వచ్చేది రోజులు మాత్రమే. రేవులో బోట్లు ఎన్ని ఉండాలి, ఇంజను ఎంత హార్స్ పవర్ ఉండొచ్చు, వల కన్ను ఎంత ఉండాలి అన్నవి మిగతా పది నెలలూ ఎవరికీ పట్టడం లేదు. రెండు నెలలు బతికి బట్టకట్టిన పిల్ల చేప అన్ని బోట్లూ ఒకేసారి బయలుదేరేసరికి వల చివర ఉండే సన్నకన్ను సంచిలోనే పడుతోంది. ట్రాల్ వల చివరి సంచికి 40 మిల్లీమీటర్ల చదరపు కన్ను ఉండాలని కొచ్చిలోని కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థ ఎన్నాళ్ల నుంచో చెబుతోంది. మామూలు వజ్రాకారపు కన్ను వల లాగేకొద్దీ మూసుకుపోతుంది, చదరపు కన్ను తెరుచుకునే ఉంటుంది, పిల్ల చేప అందులోంచి తప్పించుకుని పోతుంది. బోటు ఓనర్లకి ఈ సంగతి తెలియక కాదు. పిల్ల చేపకి కూడా, చేపల్ని ఎండబెట్టి పొడి చేసే ఫిష్ మీల్ ఫ్యాక్టరీలో ఎంతో కొంత ధర పలుకుతోంది, ట్రిప్పు ఖర్చులో కొంతైనా దాంతో పూడుతోంది, అందుకే వల మార్చరు. ఆ ధర ఉన్నంతకాలం అవగాహన సదస్సులు ఎన్ని పెట్టినా ఫలితం ఉండదని నా అభిప్రాయం.

కేరళ వాళ్లు దీనికి ఒక దారి వేశారు. ఫలానా రకం చేప ఇంత పొడవుకి తక్కువ ఉంటే పట్టకూడదు, అమ్మకూడదు అని 2015లో 14 రకాలకి, 2017లో మొత్తం 58 రకాలకి హద్దు పెట్టారు. నూనె కవళ్లకి 10 సెంటీమీటర్లు, కానాగంతలకి 14 సెంటీమీటర్లు, ఇలాగ. ఈ పద్ధతిలో నాకు నచ్చింది ఒకటే, తనిఖీ చేయడానికి సముద్రంలోకి పోనక్కర్లేదు. బోటు ఎక్కడ తిరిగినా, ఏ రాత్రి వల వేసినా చివరికి రేవుకి రావాల్సిందే, గంపలు దించాల్సిందే. మన తీరం వెయ్యి కిలోమీటర్ల పైమాటే, దాని పొడవునా గస్తీ తిరగాలంటే మత్స్యశాఖ దగ్గర ఉన్న పడవలూ చాలవు, మనుషులూ చాలరు. కానీ ఆంధ్రలో మరపడవల్లో ఎక్కువ భాగం సరుకు దించేది విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లోనే. తెల్లవారుజామున వేలం పాట జరిగే చోట స్కేలు పట్టుకుని ఇద్దరు మనుషులు నిలబడితే తెలిసిపోయే విషయం ఇది. డీజిల్ మీద రాయితీ ఇచ్చేది ప్రభుత్వమే, రిజిస్ట్రేషన్ ఇచ్చేది ప్రభుత్వమే, లైసెన్సు రెన్యువల్ చేసేది ప్రభుత్వమే. పిల్ల చేపతో మళ్లీ మళ్లీ దొరికిన బోటుకి ఆ రాయితీ ఆపితే చాలు, ఓనర్లు వాళ్లంతట వాళ్లే వల మారుస్తారు. మీ సంఘం వాళ్లు ముందుకొచ్చి ఇదే అడగాలి. మీ రేవు సరుకు తగ్గిపోతే ముందు దెబ్బ తినేది సరంగులూ కళాసీలే.

ప్రశ్న (నెల్లూరు జిల్లా తీరం నుంచి): పక్క రాష్ట్రం సోనా బోట్లు (పెద్ద మరపడవలు) ఒడ్డుకి బాగా దగ్గరగా వచ్చి వేటాడుతున్నాయి. మా వలలు తెగిపోతున్నాయి. ఫోన్ చేస్తే అధికారులు వచ్చేసరికి బోట్లు వెళ్లిపోతాయి. మా కుర్రాళ్లు బోటుని పట్టుకొచ్చి ఒడ్డున కట్టేద్దామంటున్నారు. చట్టం మా పక్కన ఉందా లేదా?

జవాబు: చట్టం మీ పక్కనే ఉందండీ. 1994లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ సముద్ర వేట నియంత్రణ చట్టం, దాని కింద వచ్చిన నిబంధనల ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా నీళ్లు సంప్రదాయ మత్స్యకారులవి. మరపడవలు దాని అవతలే వేటాడాలి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్ల దాకా చేపల వేట మీద అధికారం రాష్ట్రానిదే, ఆ అవతల కేంద్రానిది. కాబట్టి ఏ రాష్ట్రం బోటు అయినా మీ ఒడ్డు పక్కన వేటాడుతుంటే మన మత్స్యశాఖ అధికారులు దాన్ని ఆపొచ్చు, సోదా చేయొచ్చు, స్వాధీనం చేసుకుని విచారణకి పెట్టి జరిమానా వేయొచ్చు.

మీ కుర్రాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, అయినా ఆ పని వద్దు. బోటు మీద ఉన్న కళాసీలు కూడా కూలి మనుషులే, ఓనరు ఎక్కడో ఊళ్లో ఉంటాడు. నీళ్ల మీద తోపులాటలో ఒక్కరు జారిపడినా మీ ఊరంతా కేసుల్లో ఇరుక్కుంటుంది, అప్పటిదాకా మీది న్యాయం అన్నవాళ్లే మీది తప్పంటారు. 2022 జనవరిలో విశాఖలో చేపల గుంపుని చుట్టేసి పట్టే రింగు వలల గొడవ ఎంతదాకా పోయిందో చూశారు కదా, పడవలు తగలబడ్డాయి, అన్నదమ్ముల్లా ఉండే పేటల మధ్య పోలీసు పికెట్లు పెట్టాల్సి వచ్చింది.

దానికి బదులు ఆధారం పట్టుకోండి. ప్రతి బోటు మీదా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, ఐఎన్‌డీ తర్వాత రెండక్షరాలు రాష్ట్రాన్ని చెబుతాయి. ఆ నంబరు కనపడేలా ఫొటో తీయండి, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీస్తే మీరు ఏ చోట ఉన్నారో, టైము ఎంతో ఫొటోలోనే నమోదవుతుంది. నంబరుకి రంగు పూసేసి వచ్చే బోట్లు కూడా ఉంటాయి, అలా కనిపిస్తే అదొక నేరం, ఫిర్యాదులో విడిగా రాయండి. మెరైన్ పోలీసులకి 1093, కోస్ట్ గార్డుకి 1554. ఫోన్‌తో వదిలేయకుండా మర్నాడు మత్స్యశాఖ జిల్లా కార్యాలయంలో కాగితం ఇచ్చి ముద్ర వేయించుకోండి. తెగిన వలల ఫొటోలు, కొన్న రసీదులు జత చేయండి. ఇంకో మాట, మీ తీరంలోని మత్స్యకారులైన పట్టపు కాపుల్లో ఊరి కట్టుబాటు ఇప్పటికీ గట్టిగా నడుస్తుంది, అవతలి రాష్ట్రం పేటల్లోనూ అలాంటి పంచాయతీలే ఉన్నాయి. పెద్దలు పెద్దలతో కూర్చుని మాట్లాడుకున్న చోట గొడవలు తగ్గిన సందర్భాలు ఉన్నాయి. కలెక్టర్ల స్థాయి సమావేశం కోసం ఎదురు చూస్తూ ఆ దారి మూసుకోవద్దు.

ప్రశ్న (సూర్యాపేట జిల్లా): మా సొసైటీకి ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలు ఇస్తది. కాగితం మీద ఒక లెక్క, చెరువులో పడేది ఒక లెక్క. అడిగితే సంతకం పెట్టమంటరు. దీనికి తోడు రాత్రిపూట ఎవరో చెరువులో మందు కలిపి చేపలు పడుతున్నరు. మేం ఏం జేయాలె?

జవాబు: ఉచిత చేప పిల్లల పథకం 2016-17లో మొదలైంది. వానాకాలం మీద ఆధారపడే చెరువులకి 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్లుండే పెద్ద చెరువులకి, రిజర్వాయర్లకి 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు ఇవ్వాలి. ఈ కొలత ఎందుకు పెట్టారంటే, కొరమేను, వాలుగ లాంటి వేటాడే చేపలు ఉన్న నీళ్లలో సన్న పిల్లని వదిలితే అది వాటికి మేతే అవుతుంది.

పథకం మంచిదే, అజమాయిషీ ఎక్కడ జారిపోతోందంటే లారీ చెరువు కట్ట మీదికి వచ్చిన ఆ గంటలో. ఆ గంట మీ చేతుల్లో ఉంది. సొసైటీ సభ్యులు పదిమంది కట్ట మీద ఉండండి, ఊరి సర్పంచిని, కార్యదర్శిని పిలవండి. ఒక కప్పుతో పిల్లల్ని తీసి అందరి ముందు లెక్కపెట్టించండి, రెండు మూడు కప్పులు అలా లెక్కపెడితే సగటు తెలుస్తుంది, ఆ తర్వాత ఎన్ని కప్పులు పోశారో చూసి గుణిస్తే సరిపోతుంది. పది పిల్లల్ని స్కేలు మీద పెట్టి ఫొటో తీయండి. బొచ్చె ఎంత, రవ్వ ఎంత, బంగారుతీగ ఎంత అని విడిగా అడగండి. చచ్చిన పిల్లలుంటే వాటిని లెక్కలోంచి తీసేయమనండి. ఇదంతా రిజిస్టర్‌లో రాశాకే సంతకం. తక్కువ వస్తే "ఇన్ని మాత్రమే అందాయి" అని రాసి సంతకం పెట్టండి, ఖాళీ కాగితం మీద ఎవరు అడిగినా పెట్టొద్దు. సంచులు రాగానే కోసి కుమ్మరించకుండా కాసేపు చెరువు నీళ్లలో తేలనివ్వండి, లోపలి నీరూ బయటి నీరూ ఒకే వేడికి రావాలి, లేకపోతే పిల్ల తట్టుకోలేదు.

నాకు లెక్కల కంటే ఎక్కువ కోపం తెప్పించేది ఆలస్యం. చెరువులు ఆగస్టుకి నిండితే టెండర్లు, బిల్లుల గొడవల్లో పిల్లలు అక్టోబరు దాటాక వచ్చిన ఏడాదులు ఉన్నాయి. వేసవికి ఎండిపోయే చెరువులో అప్పుడు వదిలిన పిల్ల ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు అమ్మాలి? ఆలస్యమయ్యేలా ఉంటే జూలైలోనే సర్వసభ్య సమావేశం పెట్టి తీర్మానం చేసి పంపండి, వీలైతే సొసైటీ డబ్బుతో కొంత పిల్ల సొంతంగా కొనుక్కోండి. అలుగు దగ్గర జాలీ కట్టడం కూడా మర్చిపోవద్దు, ఒక పెద్ద వాన పడితే వదిలిన పిల్లలన్నీ కిందికి కొట్టుకుపోతాయి.

మందు కలపడం, తోటాలు పేల్చడం 1897 నాటి భారత మత్స్య చట్టం కిందే నేరం. ఆ చట్టంలో మొదట రాసిన శిక్ష రెండు నెలల జైలు లేదా 200 రూపాయల జరిమానా. ఆ రోజుల్లో 200 పెద్ద మొత్తమే, ఈ రోజు దానికి ఎవరు భయపడతారు? అందుకే మత్స్య చట్టం ఒక్కదాని మీదే ఆధారపడకుండా, ఊరి జనం, పశువులు వాడే నీళ్లని పాడుచేశారని పోలీసులకి ఫిర్యాదు ఇవ్వండి. చచ్చిన చేపల్ని, సీసాలో పట్టిన నీళ్లని ఆ రోజే అధికారులకి అప్పగించండి, మర్నాటికి ఆధారం మిగలదు.

ప్రశ్న (గుంటూరు): ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ నిషేధం అంటారు. బజార్లో బతికున్నదే అమ్ముతున్నారు, మార్పు చేప అని చెబుతున్నారు. ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: దేశంలో దాని పెంపకం మీద 2000 నుంచీ నిషేధం ఉంది. అది దొరికిందల్లా తినే చేప, వరదలో ఒక్కసారి చెరువు గట్టు దాటి కాలవలోకి పోయిందంటే అక్కడి మన చేపల్ని, వాటి గుడ్లని మిగలనివ్వదు. పైగా దొంగచాటుగా పెంచే చెరువుల్లో దానికి కోళ్ల వ్యర్థాలు, కుళ్లిన మాంసం వేస్తారు, ఆ ఊరి భూగర్భ జలం కూడా పాడవుతుంది.

గుర్తు చెబుతాను. మన మార్పు సాధారణంగా అర కిలో లోపే ఉంటుంది. కిలో, రెండు కిలోలు తూగేది మార్పు అంటే నమ్మకండి. తల వెనక భాగాన ఎముక అంచు చూడండి, మార్పుకి అది ఇంగ్లిష్ 'వీ' అక్షరంలా ఒకే మొనగా ఉంటుంది, ఆఫ్రికన్ రకానికి 'ఎమ్' అక్షరంలా రెండు మొనలుగా ఉంటుంది. పంగాసియస్ వేరే చేప, దాన్ని నిబంధనల ప్రకారం పెంచుకోవచ్చు, ఈ రెండిటినీ కలిపేసి పంగాసియస్ రైతుల్ని తిట్టొద్దు. ఇక్కడ కూడా నేను చెప్పేది అదే, పొలాల మధ్య దాక్కున్న చెరువుల్ని ఒక్కొక్కటిగా వెతికే ముందు, హోల్‌సేల్ మార్కెట్‌లో పొద్దున్నే డ్రమ్ముల్లో దిగే సరుకుని చూస్తే ఆ చెరువు ఎక్కడుందో అదే చెబుతుంది.

ప్రశ్న (కైకలూరు దగ్గర నుంచి): కొల్లేరులో చెరువులు కొట్టేస్తామంటారు, మళ్లీ తవ్వుకుంటారు, మళ్లీ కొట్టేస్తారు. మేం వలతో పట్టుకు బతికేవాళ్లం. మాకేమైనా హక్కు ఉందా?

జవాబు: కొల్లేరులో +5 కాంటూరు (సముద్ర మట్టానికి అయిదు అడుగుల ఎత్తు) దాకా సుమారు 308 చదరపు కిలోమీటర్లు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సార్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలోకి వెళ్లింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు పేల్చేశారు. హద్దుని +3కి తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసింది గానీ, అభయారణ్యం హద్దు మార్చడం రాష్ట్రం ఒక్కటే చేయగలిగింది కాదు, జాతీయ వన్యప్రాణి బోర్డు ఒప్పుకోవాలి. వలలతో, మావులతో (చేపలు పట్టే బుట్టలతో) సంప్రదాయంగా చేపలు పట్టుకోవడం మీద నిషేధం లేదు, గట్టు వేసి నీళ్లు ఆపి మేత వేసి పెంచడం మీదే నిషేధం. ఈ తేడా చేపల వేట మీద బతికే మీ వడ్డీ కులస్తుల ఊళ్లలో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. ఎందుకంటే దాడులు జరిగినప్పుడు బయటి పెట్టుబడిదారు పేరు ఎక్కడా కనపడదు, కేసు ఆ చెరువు దగ్గర కాపలా ఉన్న మీ మనిషి మీద పడుతుంది. చెరువుల లీజు డబ్బు ఎవరి ఖాతాలోకి పోతోందో ఆ దారి పట్టుకుంటే అసలు వాళ్లు తేలతారు. అది అటవీ శాఖ ఒక్కదానితో అయ్యే పని కాదు, రెవెన్యూ, కరెంటు ఆఫీసు కలిసి రావాలి. అభయారణ్యం లోపలి చెరువుకి కరెంటు మీటరు ఇచ్చింది ఎవరు?

ప్రశ్న (యానాం): చీరమేను పిల్ల చేపలే కదా, దాన్ని ఆపాలా?

జవాబు: చీరమేనులో ఎన్నో రకాల చేపల పిల్లలు కలిసి ఉంటాయి, నిజమే. పులస కూడా ధవళేశ్వరం ఆనకట్ట దాటి పైకి పోలేక తగ్గిపోయిన గోదావరిలో పిల్ల చేపని పెద్ద ఎత్తున తీయడం మంచిది కాదు. అయితే చీరనే వలగా పట్టి చేపలు పట్టుకునే ఆడవాళ్ల మీదికి ముందు పోవడం నాకు ఇష్టం లేదు. ఒక వారం చీరమేను పట్టినదానికంటే ఎన్నో రెట్లు పిల్ల చేప ఏడాది పొడవునా ఫిష్ మీల్‌కి పోతోంది. ముందు అది ఆగాలి. చీరమేను సీజన్‌లో కొన్ని రోజులు విరామం అని ఊళ్లే కూర్చుని అనుకుంటే బాగుంటుంది.

ప్రశ్న (ఉప్పాడ): కొత్త రూల్స్‌లో యాక్సెస్ పాస్ కావాలంటున్నారు. మాది చిన్న ఇంజను పడవ. పైగా ట్రాన్స్‌పాండర్ పెడతామంటున్నారు, అది మా మీద నిఘాయే కదా, టెన్షన్‌గా ఉంది.

జవాబు: యాక్సెస్ పాస్ అంటే దూరపు నీళ్లలో వేటకి ఇచ్చే అనుమతి, దాని గురించి టెన్షన్ వద్దు. 2025 నవంబరులో కేంద్రం తెచ్చిన నిబంధనలు 12 నాటికల్ మైళ్ల అవతలి నీళ్లకి వర్తిస్తాయి. పాస్ మరపడవలకి, పెద్ద మోటారు పడవలకి కావాలి. మీలాంటి చిన్న సంప్రదాయ మత్స్యకారులకి మినహాయింపు ఉంది. కావాల్సిన వాళ్లకి కూడా ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఇస్తారు, పాస్ ఇప్పిస్తామని డబ్బు అడిగితే ఇవ్వకండి. లైట్లు వేసి పట్టడం, రెండు బోట్లు కలిసి ఒకే వల లాగడం అందులో నిషేధం, అది మీకు మేలే.

ట్రాన్స్‌పాండర్ అంటే పడవ ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా చెప్పే పరికరం, దాన్ని ఇస్రో తయారు చేసింది, దేశమంతా లక్ష పడవలకి ఉచితంగా పెట్టే కార్యక్రమం 2024 ఆగస్టులో మొదలైంది. మీ భయం అర్థం లేనిది కాదు, మీరు ఎక్కడ ఉన్నారో ఒడ్డున తెలుస్తుంది. కానీ సెల్ సిగ్నల్ లేని చోట తుపాను హెచ్చరిక అందేది, ఆపదలో మీరు మెసేజ్ పంపగలిగేది దాంతోనే. సరిహద్దు దగ్గరపడితే హెచ్చరిస్తుంది కూడా. 2018 నవంబరులో గుజరాత్ బోట్ల మీద పనికి పోయి పాకిస్తాన్‌కి చిక్కిన మన ఉత్తరాంధ్ర వాళ్లలో 20 మంది 2020 జనవరి దాకా ఇంటికి రాలేదు. ఇంకో సంగతి, 8 కిలోమీటర్ల లోపలికి ఏ మరపడవ వచ్చిందో కూడా ఆ రికార్డే చెబుతుంది. ఆ రికార్డు ఆఫీసు కంప్యూటర్‌లో ఉండిపోకుండా ఫిర్యాదు చేసిన ఊరికి చూపించాలని మీ సంఘం తరఫున ఇప్పుడే లిఖితపూర్వకంగా అడగండి. పరికరం పెట్టించుకునేటప్పుడు మీ పడవ రిజిస్ట్రేషన్ నంబరు, ఫోన్ నంబరు సరిగ్గా ఎక్కించారో లేదో చూసుకోండి, ఎమర్జెన్సీ బటన్ ఎలా నొక్కాలో పడవ మీద ఉండే అందరికీ నేర్పించండి.